తమకశ్వాసతో నా కళాశాల చదువు

ఉబ్బసం ఉన్నవారికి తెల్లవారుజామున మూడు గంటల వేళ ఎటువంటిదో వేరుగా చెప్పనవసరం లేదు. లేనివారికి ఎంత చెప్పినా తెలియదు. ఇల్లంతా నిద్రలో ఉంటుంది. రోగి మాత్రం మంచం మీద లేచి కూర్చుని, ఒడిలో రెండు తలగడలు పెట్టుకొని, వాటిపై మోచేతులు ఆనించి, ముందుకు వంగి ఒక్కొక్క ఊపిరినీ లెక్కపెట్టుకొంటూ ఉంటాడు. లోపలికి పీల్చినది బయటకు పోదు. అది పోనిదే మరల లోపలికి రాదు. మండవల్లిలో మా ఇంటి వసారాలో, 1993 నుండి 1996 వరకు, నేను బి.ఎస్సీ. పాఠాలను చాలావరకు ఇటువంటి వేళల్లోనే చదివాను. పడుకోలేను కనుక చదివాను. నా శ్రద్ధను మెచ్చుకొన్న బంధువులకు ఈ సంగతి తెలియదు.

నేను వైద్యురాలిని కాను. వృక్షశాస్త్రం బోధించే అధ్యాపకురాలిని. ఏడవయేట నుండి ఉబ్బసం రోగిని. "ఈ వ్యాధి ఎప్పటికి పోతుంది మేడం?" అని అడిగే విద్యార్థులూ, అడగలేక తల వంచుకొనే విద్యార్థులూ ప్రతి సంవత్సరం నాకు తారసపడుతూ ఉంటారు. వారి కోసం, వారి తల్లిదండ్రుల కోసం ఈ నాలుగు మాటలు.

ఆనూపదేశంలో పుట్టుక

మా ఊరు కొల్లేటికి దక్షిణాన ఉంది. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లా. ఇప్పుడు ఏలూరు జిల్లా. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు కొల్లేటిలో చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. ఆ నీరు ఒక్క వారం నిలిచినా మా గోడలు చెమ్మగిల్లుతాయి, పరుపులు బరువెక్కుతాయి, పెట్టెలోని పుస్తకాలకు బూజు పడుతుంది. ఆయుర్వేదం భూమిని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా విభజించింది. నీరు, తేమ, చల్లగాలి అధికంగా ఉండి వాతకఫ రోగాలు ప్రబలే ప్రదేశం ఆనూపం. ఆ లక్షణాలు చదివినప్పుడు ఎవరో మా మండలానికి వచ్చి చూసి వ్రాసినట్లు అనిపించింది.

చరకసంహిత చికిత్సాస్థానంలోని పదిహేడవ అధ్యాయం హిక్కా శ్వాస రోగాల గురించి చెబుతుంది. శ్వాసరోగం ఐదు విధాలు: మహాశ్వాసం, ఊర్ధ్వశ్వాసం, ఛిన్నశ్వాసం, తమకశ్వాసం, క్షుద్రశ్వాసం. మనం ఉబ్బసం అనేది వీటిలో తమకం. రోగి పడుకొంటే బాధ పెరుగుతుందనీ, కూర్చుంటే సుఖపడతాడనీ, వేడి పదార్థాలను కోరుకొంటాడనీ అందులో ఉంది. దుమ్ము, పొగ, చల్లని ప్రదేశం, చల్లని నీరు ఈ రోగానికి కారణాలని ఉంది. మబ్బు, వాన, చలి, తూర్పుగాలి దీనిని పెంచుతాయని కూడా ఉంది. తూర్పుగాలి! కార్తీకంలో సముద్రం మీదుగా వచ్చే ఆ గాలి మా గడపలోకి రాకముందే నా ఛాతీకి తెలిసిపోయేది.

నేటి వైద్యం ఇదే విషయాన్ని మరొక భాషలో చెబుతుంది. శ్వాసనాళాల లోపొర ఎల్లవేళలా కొంత వాచి ఉంటుంది. దుమ్ము, చల్లగాలి, పుప్పొడి, జలుబు వంటివి తగిలినప్పుడు చుట్టూ ఉన్న కండరం బిగుసుకొని దారి ఇరుకవుతుంది. తేమ ఇళ్ళలో పరుపులను ఆశ్రయించి పెరిగే కంటికి కనబడని నల్లులు, గోడల బూజు ఇందుకు ముఖ్య కారణాలు. ఈ రెండు వర్ణనలలో నాకు వైరుధ్యం ఎన్నడూ కనబడలేదు.

చరకుడు చెప్పిన అపథ్యాల పట్టిక మాత్రం మా ఇంట పెద్ద చిక్కు తెచ్చింది. మినుములు, పెరుగు, పచ్చిపాలు, అనుములతోపాటు నీటిలోనూ చిత్తడి నేలల్లోనూ తిరిగే జంతువుల మాంసం కూడా అందులో ఉంది. కొల్లేటి పక్కన పుట్టి చేప తినకూడదంటే ఇక తినవలసినది ఏమిటని అమ్మ కోప్పడింది. అదే అధ్యాయంలో ఉలవల కషాయం ఈ రోగులకు పథ్యమని ఉన్నదని తెలిసిన తరువాత శాంతించింది. ఉలవచారుకు కృష్ణా జిల్లాలో కొదవ లేదు కదా. అయితే మీగడ వేయకుండా, వేడివేడిగా.

రైలు, ప్రయోగశాల, హాజరు

మండవల్లి నుండి గుడివాడకు రైలులో వెళ్ళి అక్కడి ఒక కళాశాలలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం చదివేదాన్ని. ఉదయపు రైలు అందుకోవాలంటే పొగమంచులో నడవాలి. పుష్యమాసంలో కుప్పనూర్పిళ్ళ దుమ్ము, తరువాత కళ్ళాల్లో గడ్డి తగలబెట్టిన పొగ. చేపల చెరువులు వచ్చిన తరువాత వాటికి మేతగా లారీల్లో వచ్చే తవుడు మరొక దుమ్ము. స్టేషనుకు చేరేసరికి మాట పెగిలేది కాదు. స్నేహితురాళ్ళు నవ్వుతూ పిలిస్తే చేయి ఊపి ఊరుకొనేదాన్ని. "దీనికి పొగరు" అని పేరు వచ్చింది. ఆ పేరును నేను ఖండించలేదు. ఉబ్బసం అని చెప్పుకోవడం కంటె పొగరు అనిపించుకోవడమే నయమనుకొన్నాను.

ఎందుకనగా ఇంట్లో పెద్దవారి ఆజ్ఞ అది. "ఈ పిల్లకు ఆయాసం ఉందని నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు రావు" అని మా పెద్దమ్మ తరచు అనేది. పీల్చేమందు అప్పటికే గుడివాడ మందుల దుకాణాల్లో దొరికేది. వైద్యులు వ్రాసి ఇచ్చారు కూడా. కాని అది నలుగురిలో నోట పెట్టుకొనే వస్తువు. పైగా, ఒకసారి అలవాటైతే జీవితాంతం వదలదనే అపోహ. అందుచేత మాత్రలే మింగేదాన్ని. మాత్రలో 2 లేక 4 మిల్లీగ్రాముల సాల్బుటమాల్ ఉంటుంది. పీల్చేమందు ఒక్కసారికి ఇచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే ఇరవై, నలభై రెట్లు తక్కువ మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరి పని చేస్తుంది. నేను సిగ్గుపడి ఇరవై రెట్లు మింగి, చేతులు వణుకుతూ, గుండె దడదడలాడుతూ తరగతిలో కూర్చునేదాన్ని. రసాయనశాస్త్రం చదివే పిల్లకు ఈ లెక్క తట్టకపోవడం నేటికీ నాకు వింతగానే ఉంటుంది.

ప్రయోగశాలలో లవణ పరీక్షకు కిప్ ఉపకరణం ఉండేది. ఐరన్ సల్ఫైడు మీద ఆమ్లం పడి కుళ్ళిన గ్రుడ్ల వాసనతో హైడ్రోజన్ సల్ఫైడు వాయువు వచ్చేది. ఆ గదిలో పది నిమిషాలు నిలబడితే నాకు ఊపిరి కట్టేసేది. కారణం చెప్పలేక బయటకు వచ్చేసేదాన్ని. ఆ ప్రయోగాలు లెక్కకు తక్కువయ్యాయి. హాజరు కూడా 75 శాతానికి దిగువకు జారింది. ధ్రువపత్రం తెమ్మన్నారు. కాని ఉబ్బసం రోగి మరునాటి మధ్యాహ్నానికి మామూలు మనిషిలా నడిచి వస్తాడు. జ్వరంలా కొలిచి చూపించడానికి వీలు లేదు. "నిన్న బాగాలేదన్నావు, ఇవాళ బాగానే ఉన్నావే!" అని ఒక అధ్యాపకులు అన్నారు. ఆయన తప్పు లేదు. నేనేమీ చెప్పలేదు మరి.

సమూలంగా పోగొట్టే మందు కోసం

మా నాన్నగారు వ్యవసాయదారులు. కూతురి రోగం "పూర్తిగా" పోవాలన్నది ఆయన పట్టుదల. 1994 జూన్‌లో మృగశిర కార్తెకు నన్ను హైదరాబాదు తీసుకొని వెళ్ళారు. మందు నోట పెట్టుకొన్న చిన్న కొరమీను పిల్లను మింగించే ఆ చేపమందు సంగతి తెలుగువారందరికీ తెలిసినదే. దాని గుణం శాస్త్రీయ పరీక్షలలో నిరూపణ కాలేదు. దానిపై నేను తీర్పు చెప్పబోవడమూ లేదు. నాకు గుర్తున్నది ఆ జనం. దేశం నలుమూలల నుండి వచ్చి, పిల్లలను భుజాన వేసుకొని, రాత్రంతా నిలబడినవారు. నా వంటివారు ఇంతమంది ఉన్నారని ఆనాడే మొదటిసారి చూశాను. కొరమీనులకు పుట్టినిల్లయిన కొల్లేటి నుండి కొరమీను పిల్ల కోసం ఇంత దూరం వచ్చామని నాన్నగారు రైలులో నవ్వారు.

అసలు ప్రమాదం ఆ తరువాత మా గుమ్మంలోకే వచ్చింది. ఆ దసరా రోజుల్లో ఒక వ్యక్తి సైకిలు మీద ఊరూరా తిరుగుతూ ఉబ్బసం పొడి అమ్మేవాడు. పొట్లం మీద పేరు లేదు, చిరునామా లేదు. "పూర్వీకుల నాటి ఆయుర్వేదం, నలభై రోజుల్లో వేళ్ళతో సహా పోతుంది" అన్నాడు. పూటకు చిటికెడు. మూడవ రోజుకే ఆయాసం మాయమైంది! పది సంవత్సరాలుగా ఎరుగని సుఖంతో వెల్లకిల పడుకొని నిద్రపోయాను. కుప్పనూర్పిళ్ళు వచ్చాయి, వెళ్ళాయి, నాకేమీ కాలేదు. స్టేషనుకు పరుగెత్తాను కూడా. ఆకలి విపరీతంగా పెరిగింది. బుగ్గలు నిండి ముఖం గుండ్రమైంది. "ఇప్పటికి పిల్ల ఒళ్ళు చేసింది" అని పెద్దమ్మ సంతోషించింది. అది ఒళ్ళు కాదని ఎవరికి తెలుసు?

1995 ఫిబ్రవరిలో ఆ మనిషి రావడం మానుకొన్నాడు. పొడి అయిపోయింది. నాలుగవ రోజున నీరసం, వాంతులు. ఆ రాత్రి ఆయాసం. మునుపెన్నడూ అటువంటిది చూడలేదు. కూర్చున్నా సుఖం లేదు. పెదవులు నల్లబడ్డాయని అమ్మ ఏడ్చింది. కైకలూరు నుండి కారు పిలిపించి, ముదినేపల్లి మీదుగా గుడివాడ ఆసుపత్రికి చేర్చేసరికి నాకు స్పృహ సరిగా లేదు.

వైద్యులు నాన్నగారిని అడిగిన మొదటి ప్రశ్న "ఏం పొడి వాడారు?" అని. నా ముఖం చూసి గుర్తు పట్టారట. ఇటువంటి పొడులలో ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడు మాత్రలను నూరి కలుపుతారని ఆయన చెప్పారు. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు మన శరీరానికి అవసరమైన కార్టిసాల్‌ను తయారు చేస్తాయి. బయటి నుండి నెలల తరబడి స్టెరాయిడు వస్తుంటే ఆ గ్రంథులు పని మానేస్తాయి. అప్పుడు మందు హఠాత్తుగా ఆపితే శరీరానికి ఆధారం ఉండదు, ప్రాణాపాయం కలుగవచ్చు. అందుకే నాకు అదే మందును కొలతతో మళ్ళీ ఇచ్చి, వారాల పాటు కొద్దికొద్దిగా తగ్గించుకొంటూ వచ్చారు. ఆ సంవత్సరం మార్చి పరీక్షలు వ్రాయలేదు. స్నేహితురాళ్ళు మూడవ సంవత్సరం పుస్తకాలు కొనుక్కొంటుండగా నేను రెండవ సంవత్సరం సప్లిమెంటరీ పరీక్షలకు రుసుము కట్టాను.

పాఠకులకు ఒక మనవి. పేరు, తయారీదారు, దినుసుల వివరం లేని పొడి ఏదైనా మూడు రోజుల్లో అద్భుతంగా పని చేస్తే సంతోషించకండి, భయపడండి. ఇప్పటికే అటువంటిది వాడుతున్నవారు దానిని మీకు మీరుగా ఒక్కసారి ఆపవద్దు. పొట్లం తీసుకొని వైద్యుని వద్దకు వెళ్ళండి.

యాప్యం అనే మాట

కోలుకొన్న తరువాత నాన్నగారు నన్ను మా ప్రాంతపు ఒక వృద్ధ ఆయుర్వేద వైద్యుల వద్దకు తీసుకొని వెళ్ళారు. ఆయన నాడి చూసి, పొడి కథ అంతా విని, చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నాన్నగారితో, "అయ్యా, వేళ్ళతో పోగొడతానన్నవాడు ఆయుర్వేదం చదవలేదు. చదివినవాడు ఆ మాట అనడు" అన్నారు. నా వైపు తిరిగి, "అమ్మాయీ, యాప్యం అంటే తెలుసునా?" అని అడిగారు. తెలియదన్నాను.

రోగాలు సాధ్యాలు, అసాధ్యాలు మాత్రమే కావు. మధ్యలో యాప్యాలున్నాయి. పథ్యంతో, మందుతో నిలబెట్టుకొంటూ ఉంటే రోగి ఆయుర్దాయమంతా బాగా జీవిస్తాడు. విడిచిపెడితే రోగం మీద పడుతుంది. తమకశ్వాసం కొత్తగా వచ్చినప్పుడు సాధ్యం, ముదిరితే యాప్యం అని చరకుడు స్పష్టంగానే చెప్పాడు. సుశ్రుతుడు దీనికి ఒక పోలిక ఇచ్చాడు: పడిపోబోయే ఇంటికి సరిగా నిలిపిన ఊతకంబం. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన ఊరట పొడి ఇచ్చిన ఊరటకు భిన్నమైనది. వసారాకు ఊతకంబం పెట్టుకొన్న ఇల్లు మా వీధిలోనే ఉండేది. అందులో ఒక సంసారం, రెండు పెళ్ళిళ్ళు జరిగాయి. కంబం ఉన్నదని ఎవరూ సిగ్గుపడలేదు.

నాన్నగారికి మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. "జీవితాంతమా అమ్మా?" అని ఒక్కసారి అడిగారు. నేను ఔనన్నాను.

ఆ వైద్యులు పీల్చేమందు మానమనలేదు. ఇది పలువురికి ఆశ్చర్యం కలిగించవచ్చు. "అది నీ కంబాలలో ఒకటి" అన్నారు.

నేను పాటించినవి

మూడవ సంవత్సరంలో ఒక నోటుపుస్తకం పెట్టాను. ప్రతి రాత్రి మూడు సంగతులు వ్రాసేదాన్ని: గాలి ఎటు నుండి వీచింది, ఏమి తిన్నాను, తెల్లవారుజామున లేచానా లేదా. ఆరు నెలలకు నా రోగపు నడక నాకే తెలిసిపోయింది. పెరుగు తిన్న రాత్రుల కంటె, పాత దూదిపరుపు మీద పడుకొన్న రాత్రులే ఎక్కువ చెడ్డవని తేలింది. పరుపు తీసివేసి నులకమంచం మీద ఉతికిన దుప్పటి పరచుకొన్నాను. దుప్పటిని వారానికొకసారి మరిగే నీటిలో ముంచేవారం. పొద్దు వాలకముందే తేలికైన భోజనం, రోజంతా గోరువెచ్చని నీరు. పాతబియ్యం అన్నం, ఉలవచారు, పొట్లకాయ. చేపను అమ్మ కోసం వారానికొకసారి ఉంచుకొన్నాను. నోటుపుస్తకంలో దానికి వ్యతిరేకంగా ఏ సాక్ష్యమూ దొరకలేదు.

జలుబుతో దగ్గు మొదలైనప్పుడు అడ్డసరం ఆకులను ఆవిరిపై వాడ్చి పిండిన రసం రెండు చెంచాలు, తేనె ఒక చెంచా కలిపి ఉదయం, సాయంత్రం తీసుకొనేదాన్ని. ఇది కఫాన్ని పలుచన చేస్తుంది. ఈ మొక్కలోని వాసిసిన్ ఆధారంగానే దగ్గు మందులలో వాడే బ్రోమ్‌హెక్సిన్‌ను రూపొందించారు. గర్భవతులు మాత్రం అడ్డసరం వాడరాదు. సితోపలాది చూర్ణం కూడా ఇంట ఉండేది: పటికబెల్లం 16 భాగాలు, వంశలోచనం 8, పిప్పళ్ళు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1. ప్రతి దినుసు ముందు దానిలో సగం. పరీక్షల్లో ఏది మరచినా ఆ కొలత మరువలేదు. పావు చెంచా చూర్ణం తేనెతో. తేనెను వేడి చేయకూడదు. ఇవి దగ్గుకు, కఫానికి ఉపశమనాలు మాత్రమే. ఆయాసం ఎక్కినప్పుడు వీటితో కాలం గడపరాదు. మాట పూర్తి చేయలేకపోతే ఆసుపత్రికి వెళ్ళవలసినదే.

ఉమ్మెత్త ఆకు పొగ పీల్చే పద్ధతి ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో మద్రాసు నుండే ఈ పద్ధతి ఇంగ్లండుకు వెళ్ళింది. కాని ఏ ఆకులో ఎంత విషం ఉంటుందో చెప్పలేము. మతిభ్రమ, మరణం కూడా సంభవించవచ్చు. వద్దు.

పీల్చేమందులు రెండు రకాలు. ఆయాసం వచ్చినప్పుడు నాళాన్ని తెరిచేది ఒకటి, లోపలి వాపును అణచడానికి రోజూ పీల్చే స్టెరాయిడు మరొకటి. నేను చాలాకాలం మొదటిదానినే నమ్ముకొన్నాను. ఉబ్బసం ఉన్న పెద్దలు దానినొక్కదానినే వాడటం మంచిది కాదని అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు 2019 నుండి చెబుతున్నాయి. స్టెరాయిడు అనగానే నా పొడి గుర్తుకు వచ్చి నేనూ జంకాను. కాని పీల్చే మోతాదు మైక్రోగ్రాములలో ఉంటుంది. పీల్చిన తరువాత నీటితో పుక్కిలించి ఉమ్మివేయాలి, అంతే.

ఇవన్నీ ఎలా ఉన్నా, అన్నిటికంటె కష్టమైన పని రసాయనశాస్త్ర అధ్యాపకుల వద్దకు వెళ్ళి, "నాకు ఉబ్బసం ఉంది సార్, ఆ వాయువు పడదు" అని చెప్పడం. ఆ ఒక్క వాక్యానికి రెండేళ్ళు పట్టింది. ఆయన కళ్ళద్దాలు తీసి, "ముందే చెప్పవద్దటమ్మా" అని, నా బల్లను కిటికీ పక్కకు మార్పించారు. స్నేహితురాళ్ళకు రైలులో చెప్పాను. పొగరు అని పేరు పెట్టిన అమ్మాయే ఆ తరువాత స్టేషను నుండి నా పుస్తకాలు మోసేది. పెళ్ళి మాట వచ్చినప్పుడు అబ్బాయి వారితో మొదటి రోజే చెప్పమన్నాను. రెండు సంబంధాలు వెనక్కు పోయాయి. మూడవది పోలేదు.

మా ప్రాంతం మారింది. చుట్టూ చేపల చెరువులు పెరిగాయి. 2006లో ప్రభుత్వం అభయారణ్యంలోని చెరువుల గట్లు తెగగొట్టించింది. నాన్నగారు ఇప్పుడు లేరు. తూర్పుగాలి మాత్రం మునుపటిలాగే వీస్తుంది, నోటుపుస్తకం పదకొండవది నడుస్తోంది.

మొన్నటి కార్తీకంలో మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకతె తరగతిలో దగ్గు ఆపుకోలేక, సంచిలో చేయి పెట్టి వెదికి, పక్కవారు చూస్తున్నారని ఖాళీ చేయి బయటకు తీసింది. సంచి అడుగున చేతిరుమాలులో చుట్టిన ఆ వస్తువు ఏమిటో నాకు తెలుసు. నల్లబల్ల తుడిచిన సుద్దపొడికి నా ఛాతీ కూడా అప్పటికే పట్టేసి ఉంది. బల్ల మీది నా సంచిలో నుండి పీల్చేమందు తీసి, అందరూ చూస్తుండగానే రెండుసార్లు పీల్చి, ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టి, కణవిభజన పాఠం మొదలుపెట్టాను. కొంతసేపటికి వెనుక బల్ల నుండి ఆ చిన్న చప్పుడు వినిపించింది.